అంచు మీది మాట

చెల్లికి,

అక్క ప్రేమతో రాసేది. ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. మీ బావకి దగ్గు తగ్గింది, మందు మాత్రం ఇంకా నేను గుర్తు చేస్తేనే తాగుతున్నారు. అక్కడ నువ్వు, మరిదిగారు, పాప కులాసాగా ఉన్నారనుకోవాలని ఉంది. కానీ నీ ఉత్తరం చదివాక అలా అనుకోవడం నాకు చేతకావడం లేదు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు అనుకోవచ్చు. ఈ వారంలో మూడుసార్లు చేశాను కదా. మూడుసార్లూ వంటయిందా అని అడిగి, ఇంకా లేదని నువ్వంటే సరే చేసుకో అని పెట్టేశాను. నీ గొంతు వింటే చెప్పాల్సింది పక్కన పెట్టి వంట సంగతే అడుగుతున్నాను. కాగితమైతే మధ్యలో "ఏంటక్కా, అలా ఉన్నావు?" అని అడగదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. పాపకి పాల పన్ను ఊడకముందే వెనకాల కొత్తది మొలిచిందని కంగారు పడ్డావు. నీకూ అలాగే వచ్చింది. నువ్వు నెలరోజులు నోరు మూసుకుని నవ్వేదానివి. పంటి డాక్టరుకి ఒకసారి చూపించు, భయపడాల్సింది ఏమీ ఉండదు. మిషను కుట్లు వదిలేస్తోందన్నావు. సూది మొద్దుబారి ఉంటుంది, మార్చి చూడు. అప్పటికీ వదిలితే బాబిన్ కేసులో నూలుపోగు ఇరుక్కుందేమో చూడు. నీ మోకాళ్ళ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయలేదంటే నొప్పి ఉన్నట్టే.

ఇక ఆ కంపెనీ కాగితం సంగతి. నువ్వు పంపిన నకలు రెండుసార్లు చదివాను, నాకు అర్థమైంది ఇది. గొడుగు పట్టుకున్న ఏనుగుపిల్ల బొమ్మ వాళ్ళది. ఆ బొమ్మ అచ్చువేసిన గుడ్డ ఎవరైనా కొనుక్కోవచ్చు, ఇంట్లో పిల్లలకి కుట్టుకోవచ్చు, కుట్టి అమ్మకూడదు. నువ్వు దిండు గలీబులు కుట్టి ఫోన్‌లో ఫోటోలు పెట్టి అమ్మావు. వాళ్ళ మనిషే ఒకటి కొని చూశాడు. గుడ్డ అంచు పొడవునా ఆ షరతు రాసే ఉంటుందని వాళ్ళంటారు. అసలు ఆ గుడ్డ మీద ఏ రాతా లేదని నువ్వు జవాబు రాశావు. దానికి వాళ్ళు, అంచు నువ్వే కావాలని కత్తిరించి అబద్ధం చెబుతున్నావని, ఒప్పుకుని సంతకం పెట్టమని ఈ కాగితం పంపారు. పెడితే ఇక మీద ఎక్కడా ఏమీ కుట్టి అమ్మనని మాట ఇచ్చినట్టు. పెట్టకపోతే కోర్టు.

"చెయ్యని పని చేశానని ఎలా సంతకం పెట్టనక్కా? అయినా నువ్వు పెట్టమంటే కళ్ళు మూసుకుని పెట్టేస్తాను" అని రాశావు. ఆ వాక్యం దగ్గర కాగితం మడిచేశాను. మళ్ళీ విప్పడానికి ఒక పూట పట్టింది.

నువ్వు అడగమన్నట్టే, నీకు పంపిన ఆ గుడ్డ నేను కొన్న కొట్టాయన దగ్గరకి వెళ్ళాను. ఆయన కొలకర్ర బల్ల మీద పెట్టి చాలాసేపు ఆ కంపెనీని తిట్టిపోశాడు. తాను అమ్మింది గుడ్డేనని, కొన్నాక దాన్ని చొక్కా కుట్టుకున్నా నేల తుడుచుకున్నా అడగడానికి ఎవరికీ హక్కు లేదని అన్నాడు. "మంచం అమ్మినవాడు ఇంటికొచ్చి, తల ఇటు పెట్టి పడుకోమ్మా అని చెబుతాడా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆయన నా ముఖం చూసి, "అయినా మీరు తీసుకెళ్ళిన తాను అంచు మీద రాసుందే. మీరు చూళ్ళేదా?" అని అడిగాడు. నేను సంచి సర్దుకున్నాను.

మా ప్రార్థన మందిరానికి వచ్చే ప్లీడరమ్మని కూడా అడిగాను. ఆవిడ మాట నిదానంగా ఉంటుంది. ఈ తగువు నీ ఒక్కదానిది కాదట. ఒకసారి అమ్మేశాక గుడ్డ కొన్నవాళ్ళదేనని, అమ్మినవాళ్ళ షరతు దాని వెంట నడవదని వాదించేవాళ్ళు చాలామంది ఉన్నారట. గుడ్డ నీది కావచ్చు, బొమ్మ మాత్రం మాదేనని కంపెనీలంటాయట. తేలేదాకా ఎవరూ గట్టిగా చెప్పలేరంది. "మీ చెల్లెలు నిలబడి వాదించొచ్చు, తప్పులేదు. కానీ ఆ అంచు ఎవరు తీశారో తేలాలి. రాసింది నాకు వర్తించదు అనడం వేరు, రాసింది కనపడకుండా చెయ్యడం వేరు" అంది. ఎవరు తీశారో నన్ను అడగలేదు. అడిగితే బాగుండేదేమో.

చెల్లీ, ఆ అంచు నేను కత్తిరించాను.

రాసేశాను.

ఇంటికి తెచ్చిన రోజునే గుడ్డ తడిమి చూస్తుంటే అంచున సన్నగా ఏదో అచ్చు కనిపించింది. కంటికి ఆనలేదు. మీ బావ గడియారాలు బాగుచేసేటప్పుడు పెట్టుకునే కంటద్దం తీసి పెట్టుకుని చదివాను. "ఇంటి వాడకానికి మాత్రమే. కుట్టి అమ్మరాదు." మూరకొకసారి అదే మాట. చూడలేదని అనుకోవడానికి కూడా నాకు చోటు లేకుండా చదివాను.

నువ్వు ఎలాంటిదానివో నాకు తెలుసు. మందు సీసా మీది చిన్నక్షరాలు కూడా పూర్తిగా చదివితే గాని మూత తీయవు. ఆ వాక్యం నీ కంటపడితే గుడ్డ మడిచి పక్కన పెట్టేసి, మళ్ళీ ఆ ఇస్త్రీ ఫ్యాక్టరీకి పోతావు. ఎనిమిది గంటలు నిలబడి, సాయంత్రానికి మెట్లు కూర్చుని ఎక్కుతావు. ఆ ఉద్యోగం మానమని పోరింది నేను. గలీబులు కుట్టమన్నదీ, ఈ ఏనుగుపిల్ల గుడ్డ బాగా పోతుందన్నదీ నేనే. నా మాట పట్టుకుని మానేశావు. ఇప్పుడు ఒక వేలెడంత అంచు అడ్డొచ్చింది. చాప మీద గుడ్డ పరిచి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కత్తెర నడిపించాను.

అంచులేదేమిటక్కా అని నువ్వడిగితే పార్సిలు బరువు తగ్గుతుందని చెప్పాను. "నీలాంటివాళ్ళుంటే పోస్టాఫీసు మూసుకోవాల్సిందే" అని రాశావు. ఆ ఉత్తరం మీ బావకి చదివి వినిపించి మరీ నవ్వాను.

తరవాత నాలుగు తానులు పంపాను. నాలుగింటికీ అదే చేశాను. మందిరంలో అందరితో మా చెల్లెలి గలీబులకి ఉన్న గిరాకీకి సరుకు చాలదంటే నమ్మండి అని చెప్పుకున్నాను. నీ సరుకు అమ్ముడవ్వాలని రోజూ దేవుణ్ణి అడిగాను. ఆయనకి చదువొచ్చు కదా, ఆ అంచు ఆయనా చదివే ఉంటాడు. అయినా అడిగాను. ఇన్నేళ్ళ భక్తిలో ఆయనకి కూడా సగమే చెప్పి అడిగిన సంగతి ఇదొక్కటే.

నిన్న మీ బావకి చెప్పాను. ఆయన చేతిలో పని ఆపకుండానే విన్నారు. "కుట్టేవాళ్ళందరూ అంచు తీసేస్తారుగా, ఉతికితే ముడుచుకుపోతుందని. అక్కాచెల్లెళ్ళిద్దరూ అదే చెప్పండి, ఎవరేం చేస్తారు?" అన్నారు. ఆ మాట నిజమే. ముక్కలు కత్తిరించేటప్పుడు ఎవరైనా తీస్తారు. తాను మొత్తం పరిచి ముందే అంచు ఊడదీసి పంపడం నేను ఇంతకుముందు ఎన్నడూ చెయ్యలేదు. మీ బావకి ఆ మాట చెబితే కంటద్దం తీసి నావైపు చూశారు. "అయితే నువ్వే రాయి" అన్నారు. అంతే.

నేను అంచు అలాగే ఉంచి పంపి ఉంటే, చదివి మానేసేదానివో, చదివి ఇది అన్యాయమని కుట్టేదానివో, అది నీ ఇష్టం అయ్యేది. అప్పుడు వాళ్ళు ఉత్తరం రాసినా నువ్వు తలెత్తుకుని జవాబు చెప్పేదానివి. నీ మోకాళ్ళ మీద జాలితో నీ నోటినుంచి అబద్ధం చెప్పించాను. నువ్వు నిజమనుకుని చెప్పావు, అందుకే నాకు మరీ సిగ్గుగా ఉంది. వాళ్ళు నిన్ను అబద్ధాలకోరు అన్న రోజు నువ్వు అన్నం ముట్టలేదని మరిదిగారు ఫోన్‌లో చెప్పారు. ఆ పూట నేను తిన్నాను.

ఈ ఉత్తరంతో పాటు ఇంకో కాగితం పెట్టాను. అది వాళ్ళకి. ప్లీడరమ్మకీ అంతా చెప్పేసి, ఆవిడ చెప్పిన ప్రకారం నా చేతిరాతతోనే రాశాను. గుడ్డ ఎప్పుడు కొన్నాను, అంచు మీద ఏం చదివాను, ఎందుకు కత్తిరించాను, నీకు ఏమని చెప్పాను, అన్నీ ఉన్నాయి. కింద నా సంతకం, మా ఇంటి చిరునామా ఉన్నాయి. ప్లీడరమ్మ, మీ బావ సాక్షి సంతకాలు పెట్టారు. కొట్టాయన రసీదు కూడా నా పేరు మీదే ఉంది, జతచేశాను. ఇంకో ప్రతి రిజిస్టరు పోస్టులో నేనే కంపెనీకి పంపాను. కాబట్టి నన్ను కాపాడదామని నువ్వు ఇది చింపేసినా లాభం లేదు. నువ్వు అలా చేసేదానివే.

ఏం చెయ్యమంటావక్కా అని అడిగావు. వాళ్ళు పంపిన దానిమీద మాత్రం సంతకం పెట్టకు, అది నీ తప్పు కాదు. ఆ తరవాత ఆ షరతు మీద పోట్లాడతావో, ఏనుగుపిల్లని వదిలేసి గళ్ళ గుడ్డతో కుట్టుకుంటావో, అసలు మిషనే మూసేస్తావో, నేను చెప్పను. నాతో మాట్లాడతావో లేదో అది కూడా. నీ బదులు నేను ఆలోచించడం ఇక్కడితో చాలు.

ఇట్లు,
నీకు చెప్పకుండా నీ మంచి చూసిన
మీ అక్క