మీ అన్న అమ్మిన కారు

ఎల్ ఆల్తో,
ఆదివారం.

సెవెరోకి నీవెస్ రాయునది. ఇక్కడ నేనూ మన పిల్లా కులాసా. కారు కులాసా సంగతి కింద రాస్తాను. నువ్వక్కడ పనిచేసే ఆ ఉప్పు మైదానపు గాలికి పెదవులు పగలకుండా కొవ్వు రాసుకుంటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం ఉప్పు లారీ డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. అడిగినవాటికి ముందు జవాబులు. పైకప్పు రేకు బిగించాం, ఇప్పుడు కారడం లేదు. జిమెనాకి ముందుపన్ను ఊడింది, నవ్వమంటే నోరు మూసుకుంటోంది. ఎండబెట్టిన బంగాళాదుంపలు అదే లారీలో పంపుతున్నాను, ఒక్కడివే తినకు, పక్కవాళ్ళకీ పెట్టు.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ రాసిన మాట. "అన్న మనల్ని నిండా ముంచాడు. కారు వాడి మొహాన కొట్టు. పెద్దల పండగకి వచ్చినా వాడి గడప తొక్కను." నీకు కోపం ముక్కుమీదే ఉంటుందని పెళ్ళినాడే తెలుసు. కాని కారు వణుకుతున్న మాట నిజమే కదా, నేను మాత్రం ఏం చెప్పను?

టాక్సీగా తిప్పుతుంటే, పరుగులో ఉన్నంతసేపూ బాగానే ఉండేది. మనిషిని ఎక్కించుకోవడానికి ఆపితే చాలు, వణికి వణికి ఆగిపోయేది. ఇంజిన్‌లో ఏదో తేడా ఉందని చెప్పే పసుపు దీపం స్టీరింగు ముందు ఆరేది కాదు. ఉల్లిపాయల మూట దించుకుంటూ ఒకావిడ, "నడిచి పోయినా నీకన్నా ముందే చేరతాను తల్లీ" అంది. మన వీధి మెకానిక్కు చూసి, "ఇది సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన బండి, ఇక్కడి పలచటి గాలి పడలేదు, కొండజబ్బు చేసింది" అన్నాడు. "అయితే కొండజబ్బుకి మనం తాగే కోకా ఆకు కషాయం దీనికీ పట్టమంటావా?" అన్నాను. వాడు నవ్వకుండా ప్లగ్గులు మార్చాడు. వణుకు పోలేదు. మీ అమ్మ మాత్రం, దీవెన రోజున భూమాతకి సారా సరిగ్గా ధార పొయ్యలేదు, అందుకే ఇలా అయింది అంది. తలకొక మాట చెబుతుంటే ఎవరిని నమ్మాలో తెలియక నా బుర్ర తిరిగిపోయింది.

చివరికి నీ మాటే పట్టుకుని బావగారింటికి వెళ్ళాను. పదును తగ్గించి చెప్పాను గాని, చెప్పాను. ఆయన తింటున్న గిన్నె పక్కన పెట్టేశారు.

"వాడు అలా అన్నాడా?" అన్నారు. "నా దగ్గర ఉన్నన్నాళ్ళూ అది వణకలేదమ్మా" అన్నారు. టోపీ పెట్టుకుని, "పద, ఫ్రోయ్లాన్ షెడ్డుకి పోదాం" అన్నారు.

ఫ్రోయ్లాన్ ఆయన ఎరిగిన పాత మెకానిక్కు, తన యంత్రం తగిలించి చూశాడు. "ఎక్కడినుంచో దొంగగాలి దూరుతోంది. లోపలున్న కంప్యూటరు తను లెక్కపెట్టిన గాలికి సరిపడా పెట్రోలు పోస్తోంది, లెక్కలో లేనిది ఇంకెంతో లోపలికి పోతోంది. అందుకే వణుకు" అన్నాడు. ఎక్కడినుంచి అంటే మాత్రం చెప్పలేకపోయాడు. రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని విన్నాడు. గాలి దూరే చోట తగిలితే చప్పుడు మారుతుందని సందుసందుకీ ద్రావకం చిమ్మాడు. ఇంజిన్ చప్పుడు ఎక్కడా మారలేదు.

అది నెలలో మొదటి శుక్రవారం, భూమాతకి ధూపం వేసే రోజు. ఫ్రోయ్లాన్ భార్య ధూపం పళ్ళెం పట్టుకుని షెడ్డులో కారు కారుకీ చూపిస్తూ వస్తోంది. అన్ని కార్ల దగ్గరా పొగ పైకి పోయింది. మన కారు ఇంజిన్ నడుస్తోంది, మూత తెరిచి ఉంది. అక్కడ మాత్రం పొగ వంగి కిందికి దిగి ఇంజిన్ వెనక్కి పోయింది.

"ఆగవే, అక్కడే ఆగు" అన్నాడు ఫ్రోయ్లాన్. పొగ పోయిన చోటికి చెయ్యి దూర్చి దేన్నో వేలితో నొక్కాడు. వణుకు ఆగింది. వేలు తీశాడు, మళ్ళీ వణికింది. "దొరికాడు దొంగ" అన్నాడు.

ఊడదీస్తే అది ఇంజిన్ ఆవిరిని వెనక్కి పంపే గొట్టం. ఒకచోట కాలి చిల్లి పడింది. కరిగిన రబ్బరులో ఎర్ర కాగితం ముక్క అతుక్కుని ఉంది. ఫ్రోయ్లాన్ గోటితో గీకి చూసి, "టపాకాయ కాగితం ఇది. బండి దీవెన రోజున ఇంజిన్ మీద పేల్చారా ఏంటి?" అన్నాడు.

బావగారు నా వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను.

కారు కొన్న రోజే సరాసరి సరస్సు ఒడ్డుకి, కొత్త బండ్లకిచ్చే దీవెనకి తీసుకుపోయాం కదా. పక్కకారు వాళ్ళు టపాకాయల సరం పేల్చారు. "మనది వాళ్ళకన్నా గట్టిగా పేలాలి" అని నువ్వు సరం తీసి ఇంజిన్ మీదే పరిచావు. "ఇంజిన్ మీద వద్దురా, నేలమీద పెట్టు" అని బావగారు నీ చెయ్యి పట్టుకున్నారు. "నా కారు, నా ఇష్టం" అని విదిలించుకున్నావు. మేమంతా చప్పట్లు కొట్టాం. అక్కడిదాకా నడిపింది బావగారే, అంతకుముందు నువ్వు దాన్ని నడిపిందే లేదు కాబట్టి, అన్న అమ్మినప్పుడే అలా ఉందనుకున్నావు.

ఇంతవరకూ రాయవలసింది. ఇకమీద రాయకూడనిది.

బావగారు ఆ కాగితం ముక్క తీసుకుని ధూపంలో పడేశారు. "వాడికి ఇది రాయకమ్మా. గొట్టం పాతదని, నేనే చూసుకోకుండా అంటగట్టానని రాయి" అన్నారు.

"మీకెందుకు బావగారూ ఈ నింద?" అన్నాను.

"వాడి సంగతి నాకు తెలుసు. నామీద కోపమైతే నాలుగు తిట్టి మళ్ళీ వస్తాడు. తనమీద తనకి సిగ్గేసిందా, ఇక జన్మలో నా ఇంటికి రాడు." ఆ పొగ మీదే నాతో ఒట్టు వేయించుకున్నారు. కొత్త గొట్టం తనే తెచ్చి తనే బిగించారు. పసుపు దీపం ఆరిపోయింది. ఇప్పుడు కారు నిలబడితే ఇంజిన్ నడుస్తోందో లేదో చెవి పెట్టి వినాలి.

ఆయన చెప్పినట్టే ఒక ఉత్తరం రాశాను. చదువుకుని చింపేశాను. ఆ మనిషిని దొంగ అనుకుంటూ నువ్వు ఆ వీధిలోంచి మొహం తిప్పుకుని పోతుంటే నేను చూడలేను. అలాగని ఒట్టు తప్పడం మంచిదా? తెలియడం లేదు. నీకు తెలిసిందని ఆయన పసిగడితే నా మాట పోతుంది. తెలియనట్టే ఉంటే క్షమించమని ఎలా అడుగుతావు? ఎటునుంచి చూసినా ముడి విడడం లేదు సెవెరో.

ఒకటి మాత్రం చేస్తాను. పండగకి బస్సు దిగగానే కారు తెచ్చి నిన్ను ఎక్కించుకుంటాను. మనింటికి పోనివ్వను, ముందు ఆయన గుమ్మం దగ్గరే ఆపుతాను. సిగ్గేస్తే సిగ్గుతోనే దిగు. క్షమించమని అడగక్కర్లేదు, ఏమీ చెప్పక్కర్లేదు. లోపలికి వెళ్ళి, "అన్నా" అని పిలువు.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ భార్య,
నీవెస్