అత్త చూసిన అడవి

పూజ్యులైన పెదనాయనకు నమస్కారాలు. గుడియాత్తంలో మేమంతా బాగున్నాము.

నేను పారాయణంలో సొంత అర్థాలు చెబుతున్నానని వేలూరులో మీకెవరో చెప్పారట. అది నిజమే. నాకు తెలుగు చదవడం నేర్పినవారు మీరు కాబట్టి, జరిగింది మీకు చెప్పుకోవాలి.

మామ పోయినప్పటి నుంచి మా అత్త మునియమ్మ గడప దాటలేదు. మా ఆయన చూసుకునే లుంగీల అంగడి వీధి చివరే ఉన్నా, అక్కడికి కూడా వచ్చేది కాదు. ఆమెకు తెలుగు చదవడం రాదు కనుక, సాయంత్రాలు నేను పురాణం చదివి వినిపించేదాన్ని. ఒకరోజు భార్యాభర్తలు అడవికి పోయే ఘట్టం వచ్చింది.

"ఆ అడివి యాడుండాదమ్మా?" అని అత్త అడిగింది.

"మన లోపలే ఉండాది అత్తా. కండ్లు మూసి చూడు," అన్నాను. ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆమె చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది.

"చీకటిగా ఉండాది. మీ మామ లేడు. అయినా నా కాళ్ళు నడుస్తానే ఉండాయి," అంది. అని ఏడ్చింది. మామ పోయాక ఆమె ఏడవడం అదే మొదలు.

మర్నాడు చెప్పులు అడిగి వేసుకుని, అంగడికి వచ్చి కొడుకు పక్కన కూర్చుంది.

నేను చేసింది తప్పయితే చెప్పండి, మానేస్తాను. అత్తను అడుగుదామంటే ఆమె ఇంట్లో లేదు. నిన్న ఒక్కతే బస్సెక్కి ఆంబూరులో కూతురింటికి పోయింది. "నేను వచ్చేదాకా ముందరికి చదవొద్దు," అని నాకు గట్టిగా చెప్పింది. అందుకే ఈ సాయంత్రం మీకు రాయడానికి తీరిక దొరికింది.

మీ ఆశీస్సులు కోరే
మీ తమ్ముడి కూతురు