ప్రిమిటివ్ అంటే

మంగళవారం, సిరిసిల్ల

అన్న చొక్కాకు అంటిన నెత్తురు ఎంత ఉతికినా పోలేదు. అది అన్నది కాదు.

చీరలు కొనడానికి హైదరాబాద్ నుంచి వచ్చినాయన బాపు మగ్గాన్ని నిమిరి, నవ్వుతూ ‘ప్రిమిటివ్’ అన్నాడు. అంతే, అన్న చేతిలోని, పోగు నేసే నాడె ఆయన నుదుటి మీద పడింది. దాని ఇనుప మొన దిగి, సగం నేసిన చీర మీద నెత్తురు చిందింది. అన్న మళ్లీ కొట్టబోతే బాపు అడ్డం పడ్డాడు. “సంపుతవారా ఏంది!”

అన్న దుబాయిలో పనిచేసినప్పుడు సూపర్‌వైజర్ ఆ మాటతోనే పిలిచేవాడు. అడవిమనిషి అని అర్థమట.

చీరలకొచ్చినాయన్ని దవాఖానకు తీసుకుపోయారు. పొద్దున పోలీసులు వస్తారేమో...

ఫోన్‌లో ఆ మాటకు అర్థం వెతికాను. మొదటి అర్థం ‘తొలినాటిది’. తర్వాతది ‘సాదాసీదాది’. చివరిది ‘అడవిమనిషి’; అదొక్కటే అన్నకు తెలుసు. నాకు ఒళ్లు మండిపోయింది. “గాయన మెచ్చుకున్నడు అన్నా! నవ్వుకుంట అన్నడు, సూడలేదా?” అని అరిచాను.

అన్న తల ఎత్తలేదు.

“సూపర్‌వైజర్ గూడ నవ్వుకుంటనే అనేటోడు, చెల్లె.”