రెండువందల పన్నెండో బ్లాకు

శ్రీకాకుళం,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నకు,

ఉష నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. తగ్గగానే మళ్ళీ చేపల గంప ముందు కూర్చుంటోంది, వద్దంటే వినదు. వెరావల్‌లో నువ్వూ, బోటు మీద మనవాళ్ళూ బాగున్నారని అనుకుంటున్నాను. ఈ సంగతి ఫోనులోనే చెబుదామని మూడుసార్లు చేశాను. నీ గొంతు వినగానే ఏవేవో మాట్లాడి పెట్టేశాను. అందుకని రాస్తున్నాను. నువ్వు ఒడ్డుకు వచ్చిన రోజు ఇది అందుతుంది. ఒక్కడివే కూర్చుని చదువు.

నీ బోటు మీదినుంచి సెలవుకు వచ్చిన గంగులు చేతికిచ్చి పంపిన ఉత్తరంలో నువ్వు మొదట అడిగింది, ఆ పాత కంప్యూటరు నడిచిందా అని. నడిచింది. నాన్న పనిచేసిన తీర పరిశీలన కేంద్రం మూసేశాక దాన్ని మా కాలేజీ స్టోరులో పడేశారు కదా, బీరువా అంత ఉంటుంది. మా ల్యాబు పెద్ద జయకృష్ణ మాస్టారు దానికి కరెంటు అందేలా బాగుచేయించారు. పక్కనే అట్టపెట్టెలో క్యాసెట్లు దొరికాయి, నలభై దాకా. పాటల క్యాసెట్లలాంటివే. వాటి మీద నాన్న చేతిరాతతో తేదీలున్నాయి.

డ్రైవరు రాస్తున్నానంటే దానికి లైసెన్సు కావాలా అని వేళాకోళం చేశావు. ఆ కంప్యూటరుకు క్యాసెట్లు తిప్పే పెట్టెతో నేరుగా మాట్లాడటం రాదు. టేపును చిన్న చిన్న బ్లాకులుగా విభజించి రాస్తారు. ఫలానా బ్లాకు కావాలని అడగాలి, టేపు అక్కడిదాకా తిరిగేవరకు ఆగాలి, వచ్చిన అక్షరాలు సరైనవో కాదో చూడాలి, తప్పుంటే మళ్ళీ చదివించాలి. ఇదంతా చేసే చిన్న ప్రోగ్రామే డ్రైవరు. పాతది ఎక్కడా దొరకలేదు. కొత్తది రాయడానికి నాకు ఐదు నెలలు పట్టింది. టేపులు సాగిపోయాయి. మూడుసార్లు ప్రయత్నించి వదిలేసేలా మొదట రాస్తే సగం బ్లాకులు రాలేదు. ఆ తరువాత ఒక్కోదాన్ని నలభైసార్లు, వేగం మార్చి మార్చి చదివేలా చేశాను. నాన్న టైపు చేసిన మొదటి లైను తెర మీదికి వచ్చినప్పుడు ల్యాబులో అందరి ముందూ ఏడ్చేశాను. అందులో ఏముందనుకున్నావు? ఈశాన్యపు గాలి, అల మూడు అడుగులు. అంతే.

ఇక నువ్వు అన్నిటికంటే ముఖ్యంగా అడిగింది, ఆ రోజుది అచ్చు తీసిన కాగితం ఎప్పుడు పంపుతావని.

నీకు తెలియని కథ కాదు. కానీ మొదటినుంచీ చెబితే తప్ప మిగతాది నా చేత కాదు. తుఫాను కబురు వస్తే కంప్యూటరులో ఎక్కించి, ఒడ్డున స్తంభానికి ఎర్రజెండా కట్టడం నాన్న ఉద్యోగం. ముప్పై ఏడేళ్ళ కిందట, కార్తీకంలో ఒక ఉదయం జెండా ఎగరలేదు. ఏడు గంటలకు నాలుగు తెప్పలు నీళ్ళలోకి వెళ్ళాయి. పదకొండు మంది తిరిగి రాలేదు. అసిరమ్మత్త భర్త వాళ్ళలో ఒకడు. కబురే రాలేదని నాన్న పోయేదాకా చెప్పాడు. వచ్చింది, మీ నాన్న గంగరాజే దాచాడు అని అసిరమ్మత్త చెబుతూ వచ్చింది. రెండేళ్ళ కిందట నాన్న పెద్దకర్మ నాడు ఆవిడ మన గుమ్మంలో అడుగు పెడితే, అబద్ధాలకోరువని అందరి ముందూ నువ్వు వెళ్ళగొట్టావు.

టేపుల సంగతి తెలిశాక నువ్వు ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసి, నాన్న తప్పు లేదని ఇక రుజువవుతుందని చెప్పావు. ఆ రోజు భాగం మాత్రం రావడం లేదని నేనంటే, ఇంకోసారి చూడమన్నావు. మొన్న మంగళవారం అసిరమ్మత్త కాలేజీకి వచ్చింది. బస్సు దిగి, దారి అడుగుతూ, ల్యాబు దాకా ఒక్కతే వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

“మీ అన్న పోను సేసి అందరికీ సెప్పినాడంట. ఏటొచ్చినాదో నాకూ సెప్పమ్మా,” అంది.

ఆ ఒక్క రోజుదే చెడిపోయిందని చెప్పాను. ఆవిడ ఆ పెట్టె వంకా నా వంకా చూసింది. కోపం లేదు.

“ముందు దినం బాగున్నాది. తరవాత దినం బాగున్నాది. ఆ ఒక్క దినమే పాడయిపోనాదా?”

అన్నా, అది చెడిపోలేదు. మూడు వారాల ముందే వచ్చింది. రెండువందల పన్నెండో బ్లాకు, రెండో ప్రయత్నానికే శుభ్రంగా చదివింది. ఉదయం ఐదూ పదికి తుఫాను హెచ్చరిక అందింది. ఐదూ పన్నెండుకు, చూశానని ఏడో నంబరు ఆపరేటరు జవాబు కొట్టాడు. ఏడో నంబరు నాన్నది. జెండా కట్టినట్టు లైను ఎనిమిదీ నలభైకి గాని లేదు. గడియారం తప్పేమో అంటావు, నేనూ అదే ఆశతో వెతికాను. ఆ ఉదయం ఆరింటికి రేడియోతో సరిచూసినట్టు ఉంది, అర నిమిషం తేడా లేదు.

ఆ వారంలోనే నాన్న రెండుసార్లు జెండా కట్టాడు. రెండుసార్లూ సముద్రం లేవలేదు. వేట పోగొట్టావని ఒడ్డున తిట్టి ఉంటారు. మూడోసారి కాసేపు చూద్దామనుకున్నాడేమో. ఇది నా ఊహ. టేపులో లేదు.

నేను చేసింది ఇది. డ్రైవరులో ఒక్క లైను చేర్చాను. రెండువందల పన్నెండు అడిగితే టేపును ముట్టుకోకుండానే, చెడిపోయింది అని జవాబిచ్చేలా. మాస్టారికి అదే చూపించాను, నీకు అదే చెప్పాను. ఆ మూడు వారాలూ నాకు అన్నం సయించలేదు. నాన్న ముప్పై ఐదేళ్ళు ఎలా తిన్నాడో.

అసిరమ్మత్త కళ్ళ ముందే ఆ లైను తీసేశాను. టేపు తిరిగింది. ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను.

“ఐదుంబావుకి నాను పొయ్యి మీద గంజి పెడతన్నాను. ఆడింకా లెగనేదు,” అంది ఆవిడ.

నేను కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. నేనప్పటికి పుట్టనే లేదనీ, నా మీద తనకేమీ కోపం లేదనీ అంది. ఊళ్ళో చెబుతావా అత్తా అని అడిగాను.

“నాను ముప్పై ఏడేళ్ళు సెప్పినాను. ఎవులూ ఇన్నేదు. ఇప్పుడు మీ అన్న సెప్పాల.”

శ్రీకూర్మం వెళ్ళే బస్సు ఎక్కించాను. మర్నాడు మాస్టారికి నిజం చెప్పి, లైను తీసేసిన డ్రైవరు ఇచ్చాను. ఆయన తిట్టలేదు, ఆ బ్లాకును తనే మళ్ళీ చదివించి చూసుకున్నారు. అమ్మకూ చెప్పాను. సాయంత్రం గంపలోంచి మంచి వంజరం తీసి, బస్సులో ఊరెళ్ళి అసిరమ్మత్త ఇంటికి పట్టుకెళ్ళింది. తలుపు తీయలేదట. చేప అలాగే తిరిగి తెచ్చింది, వండలేదు.

అసిరమ్మత్త ఇవాళ్టికీ ఎవరితోనూ అనలేదు. నువ్వు ఫోను చేసినవాళ్ళంతా, ఏం తేలింది అని నన్నడుగుతున్నారు. మీ అన్న వచ్చి చెబుతాడని అంటున్నాను. నిన్ను అడగకుండానే ఆ మాట ఇచ్చేశాను, కోప్పడు. నాన్నను నమ్మడం నీ తప్పు కాదు. ఆవిణ్ణి గుమ్మంలోంచి పంపింది మాత్రం మనం.

ఈ వేట అవగానే బోటు యజమాని సేటుతో చెప్పి రైలెక్కు. ఆ ఇంటికి నువ్వు ఒంటరిగా వెళ్ళక్కర్లేదు. నేనూ వస్తాను, అమ్మా వస్తానంది. ఆవిడ తలుపు తీసేదాకా బయట నిలబడదాం.

ఇట్లు,
నీ దగ్గర మూడు వారాలు నిజం దాచిన చెల్లెలు,
ఉష