రెండింటికీ ఒకే ఎరుపు

మంగళవారం, మధ్యాహ్నం

చిరంజీవి చెల్లాయికి,

అక్క మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నేను కులాసా. ఓడ మీద ఉద్యోగంలో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మన ఫోను సగం మాట మింగేస్తుంది, మిగతా సగం నువ్వు భయంతో పూరించుకుంటావు. మొన్న "అమ్మకి" అనగానే తెగిపోతే ఎంత ఏడ్చావో నాకు తెలియదా? అందుకే తీరిగ్గా, తెగకుండా చెబుతున్నాను. మీ ఓడ రేవుకి రాగానే కంపెనీవాళ్లు నీ చేతికిస్తారట.

నువ్వు వెళ్లేముందు అమ్మ మంచం పక్కన అమర్చిన గుండె మిషను గురించే ఇదంతా. అమ్మ గుండె కొట్టుకునే తీరు వైఫై మీదుగా ఆసుపత్రికి పంపుతుందని, అంతా బాగుంటే పచ్చ దీపమని, నెట్ పోయినా గుండె తేడా చేసినా ఎర్ర దీపమేనని చెప్పి వెళ్లావు. రెండింటికీ ఒకే రంగు పెట్టిన మహానుభావుడెవడో గాని, వాడి తల్లికి గుండె జబ్బు లేదు.

మొదటిసారి ఆ ఎరుపు చూసి నా పైప్రాణాలు పైనే పోయాయి. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. పరుగెత్తి గుండెల మీద చెయ్యి పెట్టాను. టకటకా కొట్టుకుంటోంది. అమ్మ కళ్లు తెరిచి, చెయ్యి తియ్యవే, చల్లగా ఉంది అని విసుక్కుంది. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. ఆ తర్వాత దాదాపు రోజూ ఇదే తంతు. గిన్నెలు తోముతూ కూడా మధ్యలో వెళ్లి ఆ దీపం చూసి రావడమే. స్నానానికి వెళ్లాలన్నా భయమే.

నెట్ మనిషిని పిలిచాను. ఆయన వచ్చేసరికి అన్నీ భేషుగ్గా ఉన్నాయి. లాప్‌టాప్‌కి వైరు తగిలించి చూశాడు, లైను బాగుందన్నాడు. ఫోను పట్టుకుని గదిగదీ తిరిగాడు, అమ్మ మంచం దగ్గర కూడా సిగ్నల్ నిండుగా ఉందన్నాడు. మైక్రోవేవ్ తిప్పి చూశాడు. పక్కింటివాళ్ల వైఫై అడ్డొస్తోందేమోనని ఛానల్ మార్చాడు. ఆయన వెళ్లిన మర్నాడే మళ్లీ ఎరుపు. మళ్లీ వచ్చాడు, మళ్లీ పచ్చ. నన్ను ఎగాదిగా చూసి, ఈసారి పోయినప్పుడు నాకు ఫోన్ చేసేముందు రౌటర్ మీద ఒకసారి చెయ్యేసి చూడండమ్మా అని వెళ్లిపోయాడు. నువ్వేమో, నేనే సరిగ్గా అమర్చలేదేమో, అమ్మకేమన్నా అయితే నా వల్లేనని ఫోనులో కుమిలిపోతున్నావు.

నిన్న మళ్లీ ఎరుపెక్కింది. అమ్మ గుండె చూసుకుని, నేరుగా ముందుగదిలోకి వెళ్లి, తలుపు వెనక అరలో ఉన్న రౌటర్ మీద చెయ్యేశాను. మెత్తగా తగిలింది. నీ పాత చలికోటు కత్తిరించి, లోపల దూది పరిచి, గుండీ కూడా పెట్టి అమ్మ కుట్టిన కవరు! విప్పితే డబ్బా ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది. ఆ వేడికే నెట్ ఆగిపోతోందన్నమాట. టీవీకి, మిక్సీకి, చివరికి కుట్టుమిషను కవరుకే ఇంకో కవరున్న ఇల్లు మనది, ఇన్నాళ్లూ అది నా కంటికి ఆనితేనా? పైగా పరాయివాళ్లు వస్తున్నారంటే కవర్లన్నీ తీసి ఇల్లు ముస్తాబు చేయడం అమ్మకి అలవాటాయె. నెట్ మనిషి వస్తున్నాడనగానే దీన్నీ తీసి దాచేది. ఇంక ఆయనకి ఏం దొరుకుతుంది, నా మొహం.

అడిగితే ఎంత అమాయకంగా చూసిందనుకున్నావు.

"దాని చిల్లుల్లోకి దుమ్ము పోతోందే. నా గుండె సంగతంతా అదే మోస్తోందంటివి కదా, జాగ్రత్తగా చూసుకోవద్దూ?" అంది.

తిట్టబోయినదాన్ని, ఆ కవరు మడిచి బీరువాలో పెట్టేశాను.

కాబట్టి తప్పు నీది కాదు, మిషనుదీ కాదు. కవరు తీసినప్పటి నుంచి పచ్చ దీపం పచ్చగానే ఉంది. ఇకమీదట ఎరుపెక్కితే ముందు రౌటర్ దగ్గరికే వెళతాను, ఊరికే హడలి చావను. నువ్వూ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపో.

ఎప్పుడూ నీ క్షేమం కోరే
అక్క

తా.క.: ఉత్తరం మడుస్తుండగా దీపం ఎర్రబడింది. అన్నట్టుగానే ముందు రౌటర్ దగ్గరికి వెళ్లాను. దాని మీద కవరు లేదు. డబ్బా చల్లగా ఉంది, దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. తేడా నెట్‌లో కాదని అప్పుడర్థమైంది. అమ్మ గదిదాకా ఎలా వెళ్లానో నాకే తెలియదు. చెయ్యి పెడితే ఈసారి టకటకా లేదు, గతి తప్పి కొట్టుకుంటోంది. కబురు మాత్రం నాకంటే ముందే ఆసుపత్రికి చేరింది. నేను ఫోను అందుకునేలోపే అంబులెన్సు బయల్దేరిందట. నువ్వు అమర్చింది పనిచేసింది, చెల్లాయ్. ఆ కవరు ఇవాళ కూడా ఉండి ఉంటే? ఆ మాట రాయలేను.

ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాం. గండం గడిచినట్టేనని డాక్టరమ్మ అంది. ఇక్కడి మిషను పెద్దది, దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి. నేను మాత్రం నమ్మను. కుడిచెయ్యి అమ్మ గుండెల మీద ఉంచి, ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.