ఆకాశం కోసం చేసినవి

జూన్ 4
మేజర్ గారు ఈరోజు మా వర్క్‌షాప్‌కి వచ్చారు. గోడౌన్‌లో మూలుగుతున్న పాత మిస్సైళ్లను చూపించి, వీటిని నేల మీద గురి పెట్టి కొట్టగలమా అని అడిగారు. అవి విమానాలను కూల్చడానికి చేసినవి. శత్రువు విమానాలు రావడం ఎప్పుడో మానేశాయి, కొండ అవతల ఫిరంగులు మాత్రం రోజూ మోగుతున్నాయి. మా హెడ్ నోరు తెరిచేలోపే కొట్టగలం సార్ అనేశాను. ఎలా అని అడిగితే నీళ్లు నమిలేదాన్ని. అడగలేదు, బతికిపోయాను.

జూన్ 5
నిద్ర లేదు. ఉద్యోగం వచ్చిన రోజు కూడా ఇంత సంతోషం లేదు.

జూన్ 9, సాయంత్రం
ఈ మిస్సైల్‌కి రెండు అలవాట్లున్నాయి. దేనికైనా దగ్గరగా వస్తే చాలు, తగలకుండానే పేలుతుంది. గురి తప్పితే, కింద మనవాళ్ల మీద పడకుండా గాలిలోనే తనను తాను పేల్చేసుకుంటుంది. నేలను కొట్టాలంటే రెండూ మాన్పించాలి. మొదటిదానికి కొత్త ఫ్యూజ్ డిజైన్ చేశాను. గట్టిగా తగిలితేనే పేలుతుంది. రెండోదాన్ని పూర్తిగా పీకేద్దామన్నాను.

సేఫ్టీ ఆఫీసర్ ససేమిరా అన్నాడు. ఆయన్ని అందరం నస అంటాం, ఆ సంగతి ఆయనకూ తెలుసు. తప్పిపోయింది ఎవరి నెత్తిన పడుతుందో నీకేమైనా తెలుసా అమ్మాయ్ అని అడిగాడు. మనకూ కొండకూ మధ్య ఊరుందని మ్యాప్ మీద వేలు పెట్టి మరీ చూపించాడు. ఆ ఊరు నాకు చూపించాలా? మా అక్క డ్రైవింగ్ స్కూల్ నడిపేది అక్కడే. గురి అసలు తప్పదు అన్నాను. మేజర్ గారు నా వైపే మొగ్గారు.

జూన్ 10
అక్కకు ఫోన్ చేసి కొన్నాళ్లు నా దగ్గరికి వచ్చి ఉండమన్నాను. కారణం చెప్పకూడదు కదా. అక్కేమో, నా దగ్గర నేర్చుకునే ఆడవాళ్లకి లైసెన్స్ టెస్టులున్నాయే, ఎలా వదిలేసి రాను, నువ్వే రా, నీకింకా రివర్స్ రాదుగా అని ఆటపట్టించింది. గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు.

జూన్ 17, మధ్యాహ్నం
కొట్టింది! కొట్టింది! కొట్టింది!

కొండ అవతల నల్లటి పొగ. రెండోదీ తగిలింది. ఎప్పుడూ ముఖం మాడ్చుకుని ఉండే మా హెడ్ నా భుజం తట్టాడు. వెల్డర్ బాబాయి ఈల వేసి, ఆ ఫ్యూజ్‌కి నా పేరే పెట్టాలన్నాడు. మేజర్ గారు టీ తెప్పించి ముందు నాకే ఇమ్మన్నారు. నస ఒక్కడే టీ ముట్టలేదు. ఒళ్లుమంట! మూడోది రేపు వెళ్తుంది. దాని ఫ్యూజ్ నేనే బిగించాను, పాటలు పాడుకుంటూ.

జూన్ 17, పడుకునే ముందు
ఆ పొగ కింద మనుషులుండి ఉంటారు. ముందు కాల్చింది వాళ్లేగా.

జూన్ 18, ఉదయం
మూడోది కొండ దాకా వెళ్లలేదు. స్క్రీన్ మీద చుక్క వంకర తిరిగి, ఊరి మీద మాయమైంది. నస మళ్లీ అదే మ్యాప్ తెరిచాడు. నన్ను తిట్టినా బాగుండేది.

అక్క ఫోన్ ఎత్తడం లేదు.

జూన్ 18, పదకొండున్నర
ఎత్తింది! మాట్లాడింది! కార్లు రివర్స్ చేయడం నేర్పే గ్రౌండ్‌లో ఏదో దిగబడి నిలబడి ఉందట. పేలలేదట. కారులో ఉన్న పెద్దావిడ కంగారులో బ్రేక్‌కి బదులు ఆక్సిలరేటర్ తొక్కి దూరంగా వెళ్లిపోయిందట. అది చెప్పి నవ్వుతోంది, పిచ్చి మొహం. అందరినీ తీసుకుని పరుగెత్తు అని అరిచాను. నస అప్పటికే వ్యాన్ తాళాలు తీసుకున్నాడు. నేనూ ఎక్కాను. దారిలో రాస్తున్నాను. అక్క బతికే ఉంది.

జూన్ 18, సాయంత్రం
నసా నేనూ కలిసి ఫ్యూజ్ విప్పాం. బెంచి మీద టెస్ట్ చేసేటప్పుడు పేలకుండా దానికి తొడిగే ప్లాస్టిక్ క్యాప్ ఇంకా అలాగే ఉంది. నిన్నటి సంబరంలో తీయడం మర్చిపోయాను. తీసి ఉంటే ఆ గ్రౌండ్ ఉండేది కాదు.

గ్రౌండ్ గేటు బయట అక్క, ఇది ఎవరు చేశారే అని అడిగింది. నేనే అన్నాను. వెనక్కి తిరిగి తన ఆడవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

జూన్ 19
ఎందుకు పేలలేదని మేజర్ గారు అడిగారు. క్యాప్ సంగతి చెబితే మిగతావన్నీ రేపే బయలుదేరతాయి, ఆ ఊరి మీదుగానే. నస పక్కనే ఉండి కూడా నోరు విప్పలేదు.

నా ఫ్యూజ్ దేనికీ పనికిరాదు సార్ అని చెప్పాను.