హన్మండ్లు మింగిన కంప్యూటర్ మందు

సిరిసిల్ల

చెల్లె ప్రవళికకు, రాజన్న దేవుని దయతో చల్లగా ఉండాలని కోరుతూ పెద్దక్క కనకవ్వ రాయునది.

ఫోన్లో నన్ను మాట పూర్తి చేయనివ్వవు. అందుకే ఉత్తరం. నువ్వు జగిత్యాల కాలేజీలో కంప్యూటర్ మీద మూర్ఛకు మందు వెతుకుతున్నావని కోరుట్లలో మన తమ్ముడు హన్మండ్లుకు చెప్పాను. మూడేండ్లుగా ఫిట్స్ రాకుండా కాసిన గోళీలు మానేశాడు. "చెల్లె కొత్తయి పంపుతది, గీ మత్తు గోళీలెందుకు" అంటున్నాడు. తొందరగా పంపు.

నీ అక్క

తా.క.: మందు మనిషిని చూసి తయారవుతుందేమోనని వాడి ఫొటో పెట్టాను. పూజలో ఉంచి బొట్టు పెట్టాను.

జగిత్యాల

అక్కకు దండాలు.

కొంప ముంచావు. నా కంప్యూటర్లో ఉన్నది మెదడులోని ఒక ప్రోటీన్ బొమ్మ. దానికి ఏ మందు అతుక్కుంటే ఫిట్స్ ఆగుతాయో వెతుకుతున్నాను. నలభై వేల మందులు వేసి చూస్తే ఒకటి గట్టిగా అతుక్కుంది. అది గోళీ కావడానికి పదేండ్లు పట్టొచ్చు, అసలు కాకపోవచ్చు. అన్న బండి మీద తిరిగే మనిషి. ఫిట్స్ వస్తే ఎట్ల? వెంటనే డాక్టరుకు చూపించు.

ప్రవళిక

తా.క.: బొట్టున్న ఫొటో చూసి మా సారు, ఎప్పుడు పోయాడని అడిగాడు.

కోరుట్ల

చెల్లెకు దీవెనలు.

కోరుట్లకు వచ్చి వాడికి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఒకటి అతుక్కుంది అన్నంత వరకే విన్నాడు. "గదే నాది" అన్నాడు. పదేండ్ల సంగతి చదివితే, "పోస్టు గట్లనే లేటైతది" అన్నాడు. బండి తాళం నా కొంగుకు కట్టుకున్నాను.

అక్క

తా.క.: ఆ నలభై వేలు మింగినవారెవరో, వారి పేర దీపం పెట్టాను.

జగిత్యాల

అక్కా,

నేను ఏ మందూ పంపలేదు, పంపను. అన్నకు నిజం చెప్పు. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడనిదానివి, నీ మాటే వింటాడు. వినకపోతే నేనే వస్తా.

ప్రవళిక

తా.క.: మింగింది కంప్యూటర్. దీపం ఆపు.

కోరుట్ల

చెల్లెకు దీవెనలు.

రావద్దు. నిజం రెండుసార్లు చెప్పాను, వినలేదు. డాక్టరును అడిగి, ఆయన రాసిన పాత గోళీలనే నీ ఉత్తరం వచ్చిన కవరులో పోసి, నువ్వు పంపావన్నాను. కండ్లకద్దుకొని మింగాడు. రోజూ నేనే చేతిలో వేస్తున్నాను. పది రోజులైంది, ఫిట్స్ లేవు. దీనికి మత్తే లేదని వాడకట్టంతా చాటుతున్నాడు. రాజన్న ముందు లెంపలేసుకున్నాను.

అక్క

తా.క.: కవరు అంటించేలోపే హన్మండ్లు వచ్చి ఇదంతా చదివాడు. "గోళీ మీద గా పాత గీతే చూసి మొదటిరోజే ఎరుకైంది అక్కా. గిన్నేండ్లకు నువ్వు అబద్ధమాడంగ చూస్తున్న. నీ చెవులు ఎర్రగైతయి. గది చూద్దామనే రోజూ మింగుతున్న" అన్నాడు. రేపటికి ఏం అబద్ధం చెప్పాలో వెంటనే రాయి.